సొంత డొమైన్‌తో ఈమెయిల్: పేరు ఎంచుకోవడం నుంచి పరీక్షించుకోవడం దాకా

తాడిపత్రిలో బండలు అమ్మేవారు, ధర్మవరంలో పట్టుచీరల షాపువారు, అనంతపురం సుభాష్ రోడ్డు చుట్టుపక్కల ఆఫీసులు నడిపేవారు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “చివర జీమెయిల్ అని లేకుండా మా షాపు పేరుతోనే ఈమెయిల్ పెట్టుకోవాలంటే ఏం చేయాలి?” ఇప్పటిదాకా ఒక్కొక్కరికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఆ ముక్కల్లో ఏదో ఒకటి జారిపోతుంది. నెల తిరిగేసరికి “మెయిళ్లు రావడం లేదు” అని మళ్లీ ఫోను వస్తుంది. అందుకే అంతా వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ఎందుకు పెట్టుకోవాలో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మీ బిల్లు బుక్కు మీద, షాపు బోర్డు మీద గుమాస్తా జీమెయిల్ చిరునామా ఉందనుకోండి. అతను పని మానేసిన రోజున ఆర్డర్లు కూడా అతని వెంటే పోతాయి. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చిన చిరునామా అయితే కనెక్షన్ మార్చుకున్న రోజున పోతుంది. సొంత డొమైన్ (చిరునామాలో @ తరువాత ఉండే పేరు) మీద ఉన్న చిరునామా మాత్రం మీరు ఏ కంపెనీ సేవ వాడినా మారదు. సెల్ నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మార్చుకున్నట్టే, ఈమెయిల్ కంపెనీనీ మార్చుకోవచ్చు.

అయితే దీనికి ఒక షరతు ఉంది. డొమైన్ ఎవరి లాగిన్‌లో ఉంటే చిరునామా వారిదే. డబ్బు మీరు కట్టినా సరే, లాగిన్ వెబ్‌సైటు చేసిన అబ్బాయి చేతిలో ఉంటే చిరునామా మీది కాదు. కింద చెప్పే సాంకేతిక వివరాలను ఎవరితోనైనా చేయించుకోవచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ అప్పగించకండి.

తెలియాల్సిన సిద్ధాంతం కొంచెమే. డొమైన్ అంటే పేరు. దాన్ని రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర ఏడాదికి ఇంత అని కట్టి తీసుకుంటాం. మెయిల్‌బాక్స్ అంటే ఉత్తరాలు నిలవుండే చోటు. అది వేరే కంపెనీ దగ్గర ఉండవచ్చు. ఈ రెండింటినీ కలిపేవి డీఎన్ఎస్ రికార్డులు. మన పని ఈ మూడింటినీ సరిగ్గా కలపడమే.

కావలసినవి

- ఒక కంప్యూటర్. ఫోనులోనూ చేయవచ్చు గానీ పొడవాటి రికార్డులను కాపీ చేసేటప్పుడు అక్షరాలు తప్పిపోతాయి.
- ఇప్పుడు మీరు వాడుతున్న జీమెయిల్ వంటి చిరునామా ఒకటి. దాన్ని మూసేయకండి, చివరి దాకా అవసరం.
- మీ పేరు మీదే ఉన్న సెల్ నంబరు. డాట్ ఇన్‌తో ముగిసే పేరు తీసుకునేవారిని గుర్తింపు ధ్రువీకరణ అడుగుతారు కాబట్టి ఆధార్ లేదా పాన్ దగ్గర పెట్టుకోండి.
- యూపీఐ లేదా కార్డు.
- ఒక నోటుపుస్తకం. నిజంగానే కావాలి. ఏ లాగిన్ ఎక్కడ ఉందో, రెన్యూవల్ ఏ తేదీనో అందులో రాసి బీరువాలో పెట్టండి.
- వెబ్‌సైటు ఇప్పటికే ఉంటే, దాని హోస్టింగ్ (సైటును తన సర్వరు మీద ఉంచే కంపెనీ) లాగిన్ వివరాలు.

చిరునామాలు, రికార్డులు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. చదువుకునే వీలు కోసం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

1. పేరు ఎంచుకోండి

ఈ మెట్టును చాలామంది ఐదు నిమిషాల్లో దాటేస్తారు. తరువాత ఏళ్ల తరబడి బాధపడతారు.

మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. అనంతపురాన్నే చూడండి. కొందరు ‘టి’ ఒక్కటే రాస్తారు, కొందరు దాని పక్కన ‘హెచ్’ చేరుస్తారు. ప్రభుత్వ కాగితాల్లో చివర ‘ఎం, యు’ కూడా కనిపిస్తాయి. కడప సంగతి ఇంకో తీరు. 2005 దాకా ఆంగ్లేయుల నాటి స్పెల్లింగే అధికారికంగా నడిచింది. అది ‘సి’తో మొదలై ‘హెచ్’తో ముగిసేది. ఇప్పుడు ‘కె’తో మొదలవుతుంది. కానీ పాత బోర్డులు, పాత అలవాట్లు పోలేదు. ఇక శ్రీ, లక్ష్మి, వెంకటేశ్వర వంటి మాటలు షాపు పేర్లలో సగం వాటికైనా ఉంటాయి. లక్ష్మిలో ‘ఎక్స్’ రాసేవారున్నారు, ‘కె, ఎస్, హెచ్’ రాసేవారున్నారు. వెంకటేశ్వరలో ‘డబ్ల్యూ’, ‘వి’ రెండూ నడుస్తున్నాయి. శ్రీకి ఎన్ని రూపాలున్నాయో లెక్క లేదు.

అందుకని కొనేముందు ఇలా పరీక్షించండి. ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి, అనుకున్న చిరునామాను ఒక్కసారే పలికి, టైప్ చేసి తిరిగి చదవమనండి. అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పకండి. ఒక్కరు తప్పు రాసినా ఆ పేరును మరోసారి ఆలోచించుకోండి. పేరు మార్చడం ఇష్టం లేకపోతే ఎక్కువమంది రాసే రెండో స్పెల్లింగును కూడా కొని, దానికి వచ్చే మెయిళ్లు మొదటిదానికి చేరేలా పెట్టుకోండి. ఏడాదికి అయ్యే ఆ కాస్త ఖర్చు ఒక పెద్ద ఆర్డరు దారి తప్పడంకన్నా నయం.

పేరులో అడ్డగీత పెట్టకండి. ఫోనులో “మధ్యలో గీత” అని చెబితే కింద గీతా, మధ్య గీతా అని సందేహం వస్తుంది. అంకెలూ వద్దు. పేరు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఊరి పేరు తప్పనిసరి కాదు. రేపు హిందూపురంలోనో బళ్లారిలోనో రెండో షాపు తెరిస్తే అది అడ్డమవుతుంది.

చివర డాట్ ఇన్ అయినా, డాట్ కామ్ అయినా సరిపోతుంది. మీకు కావలసిన డాట్ కామ్ పేరుతో మీలాంటి వ్యాపారమే వేరొకరు చేస్తుంటే ఆ పేరుకు డాట్ ఇన్ తీసుకోకండి. మీ మెయిళ్లు వారికి పోతూనే ఉంటాయి. మొదటి ఏడాది అతి చవకగా ఇచ్చే కొత్త తోకల వైపు వెళ్లకండి. వాటి రెన్యూవల్ ధర చూస్తే ఆశ్చర్యపోతారు. పైగా వాటిలో కొన్నింటిని స్పామ్ పంపేవారు విపరీతంగా వాడటంతో మంచి మెయిళ్లనూ అనుమానంగానే చూస్తారు.

తెలుగు లిపిలోనే డాట్ భారత్ డొమైన్ కూడా దొరుకుతుంది. నాకు అది ఎంతో ఇష్టమైన విషయం, దొరికితే తీసి పెట్టుకోండి. కానీ ప్రధాన చిరునామాగా మాత్రం ఇంకా పెట్టుకోకండి. తెలుగు అక్షరాల చిరునామాను చాలా వెబ్‌సైట్ల ఫారాలు తప్పు అని తోసేస్తాయి.

2. మీ పేరుతో, మీ లాగిన్‌తో కొనండి

రిజిస్ట్రార్ సైటులో ఖాతాను మీరే తెరవండి. యజమాని పేరు దగ్గర మీ పేరు లేదా మీ సంస్థ పేరు ఉండాలి. సాయం చేసేవారు పక్కన కూర్చోవచ్చు. ఈమెయిల్, ఫోను నంబరు దగ్గర మాత్రం వారివి రాయనివ్వకండి.

ధర చూసేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న మొదటి ఏడాది ధరను కాదు, కింద చిన్నగా ఉన్న రెన్యూవల్ ధరను చూడండి. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలపండి. కొనుగోలు చివర్లో వెబ్‌సైటు బిల్డరు, సెక్యూరిటీ ప్యాకేజీ, మెయిల్ ప్యాకేజీ అంటూ ముందే టిక్ పెట్టి ఉంచే వాటిని తీసేయండి. ఇప్పుడు మనకు కావలసింది పేరు ఒక్కటే.

డాట్ కామ్ వంటివి కొన్నాక “మీ ఈమెయిల్ ధ్రువీకరించండి” అని ఒక మెయిల్ వస్తుంది. ప్రకటన అనుకుని వదిలేయకండి. 15 రోజుల్లో అందులోని లింకు నొక్కకపోతే డొమైన్‌ను నిలిపివేస్తారు. కొన్న రెండు వారాలకు సైటు, మెయిలు రెండూ ఆగిపోయాయని కంగారుపడేవారిలో చాలామంది సమస్య ఇదే.

రెన్యూవల్ గురించి మన దేశంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి ప్రతి ఏడాదీ దానంతట అదే డబ్బు తీసుకోవాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి నమోదై ఉండాలి. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర ‘ఆటో రెన్యూ’ ఆన్ చేసి ఉన్నా, ఆ నమోదు లేక డబ్బు కట్ కాకపోవడం మామూలే. కాబట్టి ఆటో రెన్యూను నమ్ముకుని కూర్చోకండి. పేరు నచ్చి స్థిరపడ్డాక మూడేళ్లకో ఐదేళ్లకో ఒకేసారి కట్టండి. గరిష్ఠంగా పదేళ్ల వరకు కట్టవచ్చు.

కొన్నాక కొద్ది రోజులకే “మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే ఇంత కట్టండి” అని తెలియనివారి నుంచి మెయిళ్లు, ఫోన్లు రావచ్చు. గడువు తేదీ మీ నోటుపుస్తకంలో ఉంటుంది. మీ రిజిస్ట్రార్ ఖాతాలోకి మీరే వెళ్లి చూసుకోండి. ఆ మెయిల్లోని లింకు నొక్కి ఎప్పుడూ కట్టకండి.

3. ఆ ఖాతాకు తాళం వేయండి

రిజిస్ట్రార్ ఖాతాలో ఈ నాలుగు పనులు అదే రోజు చేయండి.

రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి. ఎస్ఎంఎస్‌కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు. అది ఇచ్చే బ్యాకప్ కోడ్లను ప్రింటు తీసి నోటుపుస్తకంలో అంటించండి.

డొమైన్‌ను వేరేచోటికి తరలించనివ్వని ‘డొమైన్ లాక్’ లేదా ‘ట్రాన్స్‌ఫర్ లాక్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, ఆ డొమైన్ మీద ఉన్న చిరునామా కాకూడదు. ఇది చాలామంది పడే గుంట. కొత్త చిరునామా వచ్చిన సంతోషంలో రిజిస్ట్రార్ దగ్గర కూడా అదే ఇస్తారు. ఏదో ఒక రోజు డొమైన్ గడువు దాటి మెయిల్ ఆగిపోతుంది. దాన్ని పునరుద్ధరించాలంటే లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ గుర్తులేదు, మార్చుకునే లింకు ఆగిపోయిన ఆ మెయిల్‌కే వెళ్తుంది. ఇక్కడ జీమెయిలే ఉంచండి.

ఇంట్లో నమ్మకమైన మరొకరికి ఈ నోటుపుస్తకం ఎక్కడుందో చెప్పి పెట్టండి.

4. మెయిల్‌బాక్స్ ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోండి

మూడు దారులున్నాయి.

మొదటిది, పూర్తి స్థాయి మెయిల్ సేవ. గూగుల్ వర్క్‌స్పేస్, జోహో మెయిల్, మైక్రోసాఫ్ట్ 365 ఈ కోవలోవి. ఒక్కో మెయిల్‌బాక్స్‌కు నెలకు ఇంత అని కట్టాలి. మెయిల్ ద్వారా డబ్బు లావాదేవీలు, కొటేషన్లు నడిచే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. జీమెయిల్ అలవాటున్నవారికి వర్క్‌స్పేస్ తేలిక, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి జోహో తక్కువ ధర ప్లాన్లు సరిపోతాయి. కొన్నిచోట్ల ఉచిత ప్లాన్ కూడా కనిపిస్తుంది. తీసుకునేముందు ఫోనులోని మామూలు మెయిల్ యాప్‌తో వాడే వీలు అందులో ఉందో లేదో చూసుకోండి.

రెండోది, వెబ్‌సైటు హోస్టింగ్‌తో పాటు వచ్చే మెయిల్. అదనపు ఖర్చు ఉండదు కాబట్టి అందరికీ ముందు ఇదే కనిపిస్తుంది. నేను వద్దంటాను. ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. వాటిలో ఒకటి హ్యాక్ అయి స్పామ్ పంపినా ఆ సర్వరు నుంచి వెళ్లే మీ మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి. నిలవ స్థలం నిండితే వచ్చే మెయిళ్లు వెనక్కి పోతాయి.

మూడోది, ఫార్వర్డింగ్ మాత్రమే. కొత్త చిరునామాకు వచ్చినవి మీ పాత జీమెయిల్‌కు చేరతాయి. క్లౌడ్‌ఫ్లేర్ వంటివారు దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. విడిగా ఒక్కరే ఉండి, ఎక్కువగా మెయిళ్లు అందుకునేవారికి ఇది బాగుంటుంది. లోపం ఒకటే: మీరు జవాబిస్తే అది జీమెయిల్ చిరునామా నుంచే వెళ్తుంది. కొత్త చిరునామా నుంచి వెళ్లాలంటే పంపే సర్వరును వేరుగా ఏర్పాటు చేసుకోవాలి. ఆ తలనొప్పి పడేకంటే మొదటి దారి పట్టడం మంచిది.

ఇంకొక మాట. చిరునామాలు ఎన్ని కావాలంటే అన్ని మెయిల్‌బాక్సులు కొనకండి. ఆర్డర్లు, అకౌంట్లు, సమాచారం అంటూ మూడు చిరునామాలు కావాలంటే, ఒకే మెయిల్‌బాక్స్ తీసుకుని మిగిలినవాటిని ‘ఏలియాస్’గా పెట్టుకోండి. మూడింటికి వచ్చేవీ ఒకేచోట చేరతాయి. విడిగా మనిషి ఉండి, విడిగా పాస్‌వర్డ్ కావాలన్నప్పుడే రెండో మెయిల్‌బాక్స్ కొనండి. ఏ పేరుతో వచ్చినా అందుకునే ‘క్యాచ్ ఆల్’ ఆన్ చేయకండి, ఇన్‌బాక్స్ చెత్తతో నిండిపోతుంది.

5. మీ డీఎన్ఎస్ ఎక్కడ ఉందో కనిపెట్టండి

వెబ్‌సైటు లేనివారికి డీఎన్ఎస్ రిజిస్ట్రార్ దగ్గరే ఉంటుంది, నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి.

వెబ్‌సైటు ఉన్నవారు ఆగి చూడాలి. మీ డీఎన్ఎస్ రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో నేమ్‌సర్వర్లు చెబుతాయి. రిజిస్ట్రార్ ఖాతాలో ‘నేమ్‌సర్వర్లు’ అనే చోట ఎవరి పేరు ఉందో చూడండి. అక్కడ హోస్టింగ్ కంపెనీ పేరుంటే రికార్డులు మార్చవలసింది హోస్టింగ్ ప్యానెల్లో. రిజిస్ట్రార్ దగ్గర ఎన్ని రికార్డులు రాసినా ఎవరూ వాటిని చదవరు. రెండు రోజులు ఎదురుచూసి “ఇంకా రావడం లేదు” అనేవారి దగ్గర నేను ముందు చూసేది ఇదే.

మెయిల్ కోసం నేమ్‌సర్వర్లను మార్చమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అలా మారిస్తే పాత రికార్డులన్నీ పక్కకు పోయి వెబ్‌సైటు ఆగిపోతుంది. మనకు కావలసింది ఉన్న డీఎన్ఎస్‌లోనే నాలుగైదు రికార్డులు చేర్చడం.

ఏదైనా మార్చేముందు ఆ పేజీ మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. పొరపాటు జరిగితే వెనక్కి రావడానికి అదే ఆధారం.

6. ముందు మెయిల్‌బాక్స్, ఆ తరువాతే ఎంఎక్స్

ఈ వరుస తప్పకండి. ఎంఎక్స్ అంటే ఏమిటో తరువాతి మెట్టులో చెబుతాను. మెయిల్ సేవ దగ్గర ఖాతా తెరిచి మీ డొమైన్ పేరు ఇస్తే, అది మీదే అని నిరూపించుకోవడానికి ఒక టీఎక్స్‌టీ రికార్డు (డీఎన్ఎస్‌లో రాసే ఒక అక్షరాల వరుస) ఇస్తారు. దాన్ని డీఎన్ఎస్‌లో చేర్చి, వారి పేజీలో ‘వెరిఫై’ నొక్కండి. తరువాత చిరునామాలు, ఏలియాస్‌లు అన్నీ సృష్టించండి. ఇప్పటికే ఈ డొమైన్ మీద పాత మెయిళ్లు నడుస్తుంటే, పాతచోట ఉన్న ప్రతి చిరునామా కొత్తచోటా ఉందా అని జాబితా పెట్టి చూసుకోండి. ఒక్కటి మరచినా దానికి వచ్చే మెయిళ్లన్నీ పంపినవారికి తిరిగి వెళ్తాయి.

రికార్డు రాసేటప్పుడు ‘పేరు’ అనే గడి దగ్గర చాలామంది పొరబడతారు. డొమైన్‌కే రికార్డు కావాలంటే అక్కడ @ అని రాయాలి లేదా ఖాళీగా వదలాలి, ప్యానెల్‌ను బట్టి. పూర్తి డొమైన్ పేరు రాస్తే కొన్ని ప్యానెళ్లు దానికి మళ్లీ డొమైన్‌ను తగిలించి ‘మీపేరు.ఇన్.మీపేరు.ఇన్’ అని చేసేస్తాయి. సేవ్ చేశాక జాబితాలో ఎలా కనిపిస్తోందో ఒకసారి చదవండి.

7. ఎంఎక్స్ రికార్డులు మార్చండి

ఈ డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను ఏ సర్వరుకు అందించాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. మీ సేవవారు ఒకటి ఇవ్వవచ్చు, మూడు ఇవ్వవచ్చు. వాటి పక్కన ఉండే అంకె ప్రాధాన్యం. చిన్న అంకెకే ముందు వెళ్తుంది. విలువలను వారి పేజీ నుంచే కాపీ చేయండి. పాత వీడియోల్లో చూపించినవి మారిపోయి ఉండవచ్చు. గూగుల్ ఒకప్పుడు ఐదు ఎంఎక్స్ రికార్డులు ఇచ్చేది, ఇప్పుడు కొత్తవారికి ఒక్కటే ఇస్తోంది.

పాత ఎంఎక్స్ రికార్డులను తప్పకుండా తీసేయండి. పాతవి, కొత్తవి రెండూ ఉంటే కొన్ని మెయిళ్లు ఇక్కడికి, కొన్ని అక్కడికి వెళ్తాయి. ఇది కనిపెట్టడం కష్టమైన జబ్బు. ఎందుకంటే “మెయిళ్లు వస్తూనే ఉన్నాయి కదా” అనిపిస్తుంది.

హోస్టింగ్‌లో సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులు మార్చే పేజీ) ఉన్నవారికి ఇంకొకటి. అందులో ‘ఈమెయిల్ రౌటింగ్’ అనే చోట ‘లోకల్’ అని ఉంటే ‘రిమోట్’కు మార్చండి. మార్చకపోతే మీ వెబ్‌సైటులోని ‘సంప్రదించండి’ ఫారం నుంచి వచ్చే మెయిళ్లు ఆ సర్వరులోనే ఎక్కడో పాత పెట్టెలో పడి ఉంటాయి. బయటి మెయిళ్లన్నీ చక్కగా వస్తూ, సొంత సైటు నుంచి వచ్చేవే రాకపోతే కారణం ఇదే అయివుంటుంది.

మార్పు మామూలుగా గంటలోపే కనిపిస్తుంది. కొన్నిచోట్ల 48 గంటల దాకా పట్టవచ్చు. పాత మెయిల్ నడుస్తున్నవారు ఒకరోజు ముందే ‘టీటీఎల్’ (పాత రికార్డును ఇతరులు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) విలువను 300కు తగ్గించి పెట్టుకుంటే మార్పు త్వరగా పాకుతుంది. పని శనివారం సాయంత్రం మొదలుపెట్టండి, సోమవారం ఉదయానికి కుదురుకుంటుంది. పాత మెయిల్‌బాక్స్‌ను ఇంకో వారం పాటు చూస్తూనే ఉండండి.

8. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్

మెయిళ్లు వస్తున్నాయి కదా అని చాలామంది ఇక్కడే లేచి వెళ్లిపోతారు. వచ్చేవి వస్తాయి. కానీ పంపేవి అవతలివారి స్పామ్‌లో పడతాయి, మీకు తెలియను కూడా తెలియదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవారందరినీ కనీసం ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలని కోరుతున్నాయి. మీరు మూడూ పెట్టండి.

ఎస్‌పీఎఫ్ అనేది మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే టీఎక్స్‌టీ రికార్డు. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. హోస్టింగ్ పెట్టినది ఒకటి, మెయిల్ సేవవారు ఇచ్చినది ఒకటి, ఇలా రెండు ఉంటే రెండూ చెల్లవు. రెండింటిలోని ‘ఇన్‌క్లూడ్’ భాగాలను ఒకే వరుసలో కలిపి, చివర ‘ఆల్’ అనే మాట ఒక్కసారే రాయండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీ పేరుతో ఇన్వాయిస్‌లు పంపుతుంటే దాని ‘ఇన్‌క్లూడ్’ కూడా ఇందులోనే చేరాలి. అయితే ఎడాపెడా చేర్చకండి. ఈ రికార్డును చదవడానికి పదికి మించి డీఎన్ఎస్ వెతుకులాటలు అవసరమైతే అది చెల్లదు.

డీకిమ్ అనేది ప్రతి మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం. మెయిల్ సేవ అడ్మిన్ పేజీలో ‘కీ’ తయారు చేయమంటే పొడవాటి అక్షరాల వరుస ఇస్తుంది. దాన్ని డీఎన్ఎస్‌లో చేర్చాలి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఖాళీలు, కొత్త వరుసలు చొరబడకుండా చూడండి. వాట్సాప్‌లో పంపించుకుని అక్కడి నుంచి అతికించకండి. ముఖ్యంగా, రికార్డు చేర్చాక తిరిగి అడ్మిన్ పేజీకి వచ్చి డీకిమ్‌ను ‘ఆన్’ చేయాలి. రికార్డు పెట్టి ఈ బటన్ మరచిపోయినవారు ఎందరో.

డీమార్క్ అనేది పై రెండూ తప్పితే ఆ మెయిల్‌ను ఏం చేయాలో అవతలివారికి చెప్పే సూచన. దీనికి రికార్డు పేరు అండర్‌స్కోర్‌తో (కింద గీతతో) మొదలవుతుంది. అండర్‌స్కోర్ వదిలేస్తే పనిచేయదు. మొదట విధానం ‘నన్’ (ఏమీ చేయవద్దు) అని పెట్టండి, నివేదికలు రావడానికి ఒక చిరునామా ఇవ్వండి. కొన్ని వారాలు చూసి, మీ మెయిళ్లన్నీ సరిగ్గా పాస్ అవుతున్నాయని తేలాక ‘క్వారంటైన్’కు (స్పామ్‌లో వేయమని) మార్చండి. మొదటి రోజే ‘రిజెక్ట్’ పెడితే మీ సొంత ఇన్వాయిస్‌లే తిరస్కరణకు గురికావచ్చు.

9. పరీక్షించండి

పక్కనున్న వ్యక్తి ఫోనుకు ఒక మెయిల్ పంపి, చేరింది కదా అని వదిలేయడం పరీక్ష కాదు. ఇలా చేయండి.

కొత్త చిరునామా నుంచి ఒక జీమెయిల్‌కు, ఒక అవుట్‌లుక్ చిరునామాకు, వీలైతే ఒక యాహూకు పంపండి. ఇంతకుముందు మీతో మెయిల్ నడపని చిరునామాలైతే ఫలితం నిజాయితీగా ఉంటుంది. విషయం దగ్గర ‘టెస్ట్’ అని ఒక్క మాట రాసి పంపకండి, అలాంటివి స్పామ్‌లో పడటం మామూలే. నిజమైన కొటేషన్‌లా నాలుగు వాక్యాలు రాసి పంపండి.

జీమెయిల్‌లో ఆ మెయిల్‌ను కంప్యూటర్ మీద తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైన ఒక పట్టిక కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా ‘పాస్’ అని ఉండాలి. డీకిమ్ పక్కన మీ డొమైన్ పేరే ఉండాలి. అక్కడ సేవ ఇచ్చే కంపెనీ డొమైన్ కనిపిస్తే మీ డీకిమ్ ఇంకా ఆన్ కాలేదని అర్థం.

ఆ మూడు చోట్ల నుంచీ జవాబులు పంపించుకోండి. ఏలియాస్‌లు ఒక్కొక్కదానికీ విడిగా పంపి చూడండి. ఒక పీడీఎఫ్ జతచేసి పంపండి. వెబ్‌సైటు ఫారం నింపి చూడండి. ఫోనులోని మెయిల్ యాప్ నుంచి కూడా ఒకటి పంపండి. అక్కడ పాత చిరునామాయే ‘పంపినవారు’గా మిగిలిపోవడం తరచూ జరుగుతుంది.

మెయిల్ తిరిగి వస్తే అందులోని అంకెలు చదవండి. 550 5.1.1 అంటే ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేదు, స్పెల్లింగో మరచిపోయిన ఏలియాసో చూడండి. జీమెయిల్ నుంచి 550 5.7.26 వస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్ తేలలేదని అర్థం, ఎనిమిదో మెట్టుకు తిరిగి వెళ్లండి. అన్నీ పాస్ అయినా కొత్త డొమైన్ మెయిళ్లు మొదటి వారాల్లో స్పామ్‌లో పడవచ్చు. పాత ఖాతాదారులకు కొద్దికొద్దిగా పంపండి, జవాబు ఇవ్వమని అడగండి. జవాబులు వచ్చేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. వెయ్యిమందికి దీపావళి శుభాకాంక్షలతో ఈ డొమైన్‌ను మొదలుపెట్టకండి.

10. నెమ్మదిగా మారండి

పాత జీమెయిల్‌ను ఏడాదైనా నడపండి. దానికి వచ్చేవి కొత్త చిరునామాకు చేరేలా ఫార్వర్డ్ పెట్టి, జవాబులు కొత్తదాని నుంచి ఇవ్వండి. ముందు ఖాతాదారులకు, సరఫరాదారులకు చెప్పండి. పరీక్షలన్నీ అయ్యాకే బిల్లు బుక్కు, విజిటింగ్ కార్డు, ఫ్లెక్సీ అచ్చు వేయించండి.

బ్యాంకు, ఆదాయపు పన్ను వంటి లాగిన్ల విషయంలో నా అభిప్రాయం వేరు. డొమైన్‌ను ఒక్కసారైనా సజావుగా రెన్యూ చేసేదాకా వాటిని పాత చిరునామా మీదే ఉంచండి. డొమైన్ చేజారితే దాన్ని కొన్న కొత్త వ్యక్తికి మీ మెయిళ్లన్నీ వెళ్తాయి, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా. అదే కారణంతో, వ్యాపారం మూసేసినా ఆ డొమైన్‌ను వెంటనే వదిలేయకండి. దానితో ముడిపడిన లాగిన్లన్నీ మార్చుకున్నాకే వదలండి.

గడువు దాటిపోతే కంగారుపడకుండా అదే రోజు రిజిస్ట్రార్‌కు డబ్బు కట్టండి. డాట్ కామ్ వంటివాటికి మామూలు ధరకే తిరిగి తీసుకునే వ్యవధి రిజిస్ట్రార్‌ను బట్టి కొంత ఉంటుంది. ఆ తరువాత 30 రోజుల విమోచన వ్యవధిలో పెద్ద జరిమానా కట్టాలి. అదీ దాటితే ఐదు రోజుల్లో పేరు అందరికీ అందుబాటులోకి వస్తుంది.

డొమైన్ ఇప్పటికే వేరొకరి లాగిన్‌లో ఉంటే

ఈ పరిస్థితిలో ఉన్నవారు మన జిల్లాలో చాలామందే. నాకు తెలిసిన ఒక చీరల వ్యాపారికి సైటు చేసిన అబ్బాయి హైదరాబాదుకు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అబ్బాయి మంచివాడే, మోసం ఏమీ లేదు. కానీ రెన్యూవల్ నోటీసులన్నీ అతను చూడటం మానేసిన పాత మెయిల్‌కు వెళ్లాయి. విమోచన వ్యవధిలో ఉండగా దొరికాడు కాబట్టి పేరు దక్కింది, మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాక.

మీరు అంత దాకా ఆగకండి. సంబంధం బాగున్నప్పుడే అడగండి. మీరు అదే రిజిస్ట్రార్ దగ్గర సొంత ఖాతా తెరిస్తే, అతను తన ఖాతా నుంచి మీ ఖాతాకు డొమైన్‌ను నెట్టవచ్చు. దీన్నే ‘పుష్’ లేదా ‘ఖాతా మార్పు’ అంటారు. సాధారణంగా ఖర్చు ఉండదు, మెయిల్ ఆగదు. వేరే రిజిస్ట్రార్‌కు తెచ్చుకోవాలంటే అతను లాక్ తీసి, ‘ఆథ్ కోడ్’ (తరలింపుకు కావలసిన రహస్య కోడ్) ఇవ్వాలి. కొన్న మొదటి 60 రోజుల్లో డాట్ కామ్ వంటివాటిని ఇలా తరలించలేరు. తరలించేముందు డీఎన్ఎస్ పేజీని స్క్రీన్‌షాట్ తీయడం మరచిపోకండి. డీఎన్ఎస్ పాత రిజిస్ట్రార్ దగ్గరే ఉంటే తరలింపు తరువాత రికార్డులన్నీ మళ్లీ రాయవలసి రావచ్చు.

అతను స్పందించకపోతే బిల్లులు, మీరు డబ్బు కట్టిన రుజువులు, షాపు రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేసుకుని రిజిస్ట్రార్ సహాయ విభాగానికి రాయండి. యజమాని పేరు దగ్గర మీ పేరు ఉంటే చాలాసార్లు అక్కడే తేలుతుంది. లేకపోతే, మీ వ్యాపార నామం మీద మీకు హక్కుండి అవతలివారు దురుద్దేశంతో పట్టుకున్నారని చూపగలిగితే, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ, డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ విధానాలున్నాయి. వాటికి ఫీజు, సమయం రెండూ ఎక్కువే. చిన్న షాపుకైతే కొత్త పేరు కొని, పాతది నడుస్తుండగానే ఖాతాదారులందరికీ కొత్త చిరునామా చెప్పుకోవడం తక్కువ ఖర్చుతో తేలే దారి.